ద్రాక్ష లేని చోట... తాటి వైన్!

తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అనుకుంటుంది లోకం. ఆ భయంతోనే కాబోలు, హైదరాబాదు-విజయవాడ రహదారిలో వెళ్లే కార్లు తాటిచెట్ల దగ్గర ఆగితే ముంజల కోసమే ఆగుతాయి. వేసవిలో జగ్గయ్యపేట, నందిగామ మధ్య రోడ్డు పక్కన గెలలు పోసి, కత్తితో టకటకా కొట్టి ముంజలు తీసిస్తుంటే పిల్లలు ఎగబడి తింటారు. చేతులు కడుక్కుని మళ్లీ కారెక్కేస్తారు. తలెత్తి పైకి చూసేవాళ్లు తక్కువ. చూస్తే కనిపిస్తుంది... మట్టల సందున వేలాడుతున్న నల్లటి కుండ.

ఆ కుండలో జరుగుతున్న పనికి యూరప్‌లో ఒక గొప్ప పేరుంది. నేచురల్ వైన్. అంటే సహజమైన వైన్. బయటి నుంచి ఈస్టు కలపరు, చక్కెర కలపరు, నిల్వ కోసం మందులు కలపరు. పండు రసం దానంతటది పులిసి వైన్ కావాలి. ఫ్రాన్సులో ఇలాంటి వైన్‌కు 2020లో ప్రత్యేకంగా ఒక ముద్ర కూడా వచ్చింది. చేత్తో కోసిన సేంద్రియ ద్రాక్ష, పండుమీద సహజంగా ఉండే ఈస్టు, గంధకం వాడితే లీటరుకు 30 మిల్లీగ్రాములకు మించకూడదు... ఇలా ఎన్నో నిబంధనలు. అవన్నీ పాటించిన సీసాకు ధర కూడా అలాగే ఉంటుంది. పైకి కాస్త మబ్బుగా, నాలుక మీద చురచురలాడుతూ, తీపీ పులుపూ కలిసి ఉండే ఆ వైన్‌ను గ్లాసులో తిప్పి తిప్పి వాసన చూసి మురిసిపోతుంటారు అక్కడివాళ్లు.

మబ్బుగా, చురచురలాడుతూ, తీపీ పులుపూ కలిసి! ఈ లక్షణాలు చదివితే కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం పెద్దాయన ఎవరైనా ఒకటే మాట అంటాడు. ‘అది పొద్దుటి కల్లు కదయ్యా!’

ద్రాక్ష ఎందుకు లేదంటే...

తెలుగునాట ద్రాక్ష లేదని కాదు. హైదరాబాదు చుట్టుపక్కల ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ తోటలు ఎకరాలకెకరాలు ఉండేవి. గుత్తి పట్టుకుంటే చెయ్యి బరువెక్కే ఆ ద్రాక్ష తినడానికి పెట్టింది పేరు. వైన్‌కు మాత్రం చిన్న గింజ, చిక్కటి రసం, చల్లని రాత్రులు కావాలంటారు. అందుకే మన దేశంలో వైన్ అంటే నాసిక్, నందికొండల పేర్లే వినిపిస్తాయి.

జగ్గయ్యపేట, నందిగామ సంగతి వేరు. ఏప్రిల్, మే నెలల్లో రాష్ట్రంలో ఎక్కడ ఎండ మండిందో చెప్పే పట్టికలో ఈ రెండు పేర్లూ తరచూ పైవరసలోనే ఉంటాయి. పైన నిప్పులు, కింద సున్నపురాయి. ఆ రాయిని నమ్ముకునే ముక్త్యాల, జయంతిపురం దగ్గర సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. మిగతాదంతా నల్లరేగడి. పత్తి, మిర్చి పండే నేల. కృష్ణమ్మ పక్కనే పారుతున్నా మెట్ట మెట్టే. 2022 ఏప్రిల్ 4 నుంచి ఈ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది కానీ, ఊళ్లో పెద్దవాళ్ల నోట ఇప్పటికీ ‘కృష్ణా జిల్లా మెట్ట’ అనే వస్తుంది.

ఇలాంటి చోట ద్రాక్షతీగకు పందిరి వేయడం కన్నా తాటిటెంకను గట్టు మీద పారేయడం సులువు. నీళ్లు పొయ్యక్కర్లేదు, ఎరువు వెయ్యక్కర్లేదు. కాకపోతే ఓపిక కావాలి. తాటిచెట్టు గెల వెయ్యడానికి పన్నెండు, పదిహేనేళ్లు పడుతుంది. ఒక్కోసారి ఇంకా ఎక్కువ. తాత నాటితే మనవడు గీస్తాడని ఊరికే అనలేదు. ఆ తర్వాత మాత్రం తరాల తరబడి నిలబడే ఉంటుంది. 2023 జులై 27న మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరంలో జాతీయ రహదారినే ముంచేసింది. మళ్లీ 2024 సెప్టెంబరు ఒకటిన అదే చోట అదే దృశ్యం. లారీలు బారులు తీరి ఆగిపోయాయి. నేలను గట్టిగా పట్టుకున్న తాళ్లకు ఇలాంటి వరదలు ఒక లెక్కలోవి కావు.

అసలు ఈ నేలకు పాత కథలు చాలా ఉన్నాయి. జగ్గయ్యపేట పాతపేరు బేతవోలు. అమరావతి ప్రభువు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తండ్రి పేరు మీద పేట కట్టించాడు. అంతకు చాలా ముందే, ఊరి దగ్గరి కొండవాలులో బౌద్ధస్తూపం ఉండేది. ఆ దిబ్బను జనం ధనంబోడు అనేవాళ్లు. 1882లో బర్జెస్ అనే స్కాట్లాండు పురావస్తు అధికారి అక్కడ వెలికితీసిన పాలరాతి ఫలకంలో మాంధాత చక్రవర్తి చెయ్యెత్తి నిలబడితే ఆకాశం నుంచి నాణేలు వర్షంలా కురుస్తుంటాయి. రెండువేల ఏళ్ల నాటి ఆ శిల్పం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. బౌద్ధుల పంచశీలాల్లో అయిదోది మత్తుపానీయాలకు దూరంగా ఉండమనడం. స్తూపం చుట్టూ తాళ్లు అప్పుడూ ఉండే ఉంటాయి. భిక్షువులు ఆ నీడన ఎలా నెట్టుకొచ్చారో మరి!

ఇంకో సరదా. జగ్గయ్యపేటకు వెళ్లేవాళ్లు రహదారి మీద తిరిగే చోటు పేరు చిల్లకల్లు. పేరు విని గుటకలు మింగే కుర్రాళ్లుంటారు కానీ, ఊళ్ల పేర్ల చివర వచ్చే ‘కల్లు’కు రాయి అన్న పాత అర్థం ఉంది. సున్నపురాయి సీమకు ఆ అర్థమే సరిగ్గా అతుకుతుంది.

పైన కోత... కింద నురగ

తెల్లవారుజామున అయిదు. చలికాలమైతే ఇంకా చీకటే. గీత కార్మికుడు నడుముకు మోకు బిగిస్తాడు. చెట్టునూ మనిషినీ కలిపి కట్టే తాడది. కాళ్లకు బంధం. నడుం వెనక కత్తులు, చిన్న కుండ. మోకును ఒక్క విదిలింపుతో పైకి జరిపి, ఒంటిని వెనక్కి వాల్చి, కాళ్లతో తన్నిపెట్టి ఎగబాకుతాడు. మళ్లీ విదిలింపు, మళ్లీ ఎగబాకుడు. అరవై అడుగుల చెట్టు చూస్తుండగానే ఎక్కేస్తాడు.

పైకెళ్లాక అసలు పని. తాటిలో ఆడ, మగ వేరువేరు చెట్లు. మగదాన్ని పోతుతాడు అంటారు, ఆడదాన్ని పండుతాడు. రెండూ కల్లిస్తాయి. చలికాలం చివర్లో పోతుతాళ్లు అందుకుంటే, ఎండలు ముదిరే కొద్దీ పండుతాళ్లు అందుకుంటాయి. గెల లేతగా ఉండగానే దాన్ని కర్రల మధ్య మెల్లగా నొక్కి, కట్టి, మెత్తబరుస్తారు. కొన్నిరోజులు ఈ సేవ జరిగాక కొన కోస్తే చుక్కచుక్కగా రసం కారడం మొదలవుతుంది. అప్పట్నుంచి ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చెట్టెక్కి పల్చటి పొర చొప్పున కోస్తూ పోవాలి. పొర మందమైతే గెల త్వరగా అయిపోతుంది. మరీ పల్చనైతే ధార రాదు. ఒక్కరోజు ఎక్కకపోయినా కోసినచోటు ఎండి మూసుకుపోతుంది. గీత కార్మికుడికి పండగ సెలవూ లేదు, ఆదివారమూ లేదు.

లెక్క వేసి చూడండి. అరవై అడుగుల చెట్లు పది ఉన్నాయనుకుంటే, రోజుకు రెండుసార్లంటే 1,200 అడుగులు. కుతుబ్ మినార్‌ను రోజూ అయిదుసార్లు ఎక్కి దిగినట్టు. అదీ మెట్లు లేకుండా!

కోతకు కారే రసం మొదట కల్లు కాదు. స్వచ్ఛమైన తీపి నీళ్లు. అదే నీరా. నూటికి పది, పన్నెండు పాళ్లు చక్కెర ఉంటుంది. కుండ లోపల సున్నం పూస్తే ఆ తీపి అలాగే నిలుస్తుంది. కాచితే తాటిబెల్లమవుతుంది. సున్నం పుయ్యకపోతే? గాల్లో, గెల మీద, నిన్నటి కల్లు తడి ఆరని కుండ గోడల మీద కాచుకుని ఉన్న ఈస్టు, బాక్టీరియా తక్షణం పనిలోకి దిగుతాయి. రొట్టెను పొంగించేదీ, ద్రాక్షరసాన్ని వైన్ చేసేదీ అయిన సాకరోమైసిస్ ఈస్టే ఇక్కడా ముఖ్య కార్మికుడు. దానికి తోడు జైమోమొనాస్ అనే బాక్టీరియా. పెరుగును తోడువేసే జాతి బాక్టీరియా పులుపును చూసుకుంటుంది. కుండ దించేసరికే పైన తెల్లటి నురగ.

ద్రాక్షరసం వైన్ కావడానికి రోజులు, వారాలు పడుతుంది. తాటిరసానికి గంటలు చాలు. పూట గడిచేసరికి నూటికి నాలుగైదు పాళ్ల ఆల్కహాలు చేరుతుంది. వైన్‌లో అది పదకొండు నుంచి పద్నాలుగు. అయితే వైన్‌ను సీసాలో పోసి ఏళ్ల తరబడి దాచుకోవచ్చు. కల్లుకు ఆయుష్షు ఒక్కరోజే. మర్నాటికి పుల్లబడి వెనిగర్ దారి పడుతుంది. అందుకే కల్లుకు గోదాములుండవు, ఎగుమతులుండవు, మేలు రకం పాతకల్లు అన్న మాటే లేదు. ఆ చెట్టు, ఆ పూట, ఆ ఊరు. అంతే.

‘బాబాయ్, పొద్దుటిదేనా?’ అని అడుగుతారు తెలిసినవాళ్లు. ‘ఇప్పుడే దించిందిరా అబ్బాయ్, వేడి తగలకముందే కానీ’ అన్న జవాబు రావాలి. అది రాకపోతే అనుమానించాల్సిందే! ఒకే తోపులో రెండు చెట్ల కల్లు ఒకే రుచి ఉండదు. పోతుతాడు కల్లు వేరు, పండుతాడు కల్లు వేరు. జనవరి కల్లు తీపి ఏప్రిల్‌లో ఉండదు. ఫ్రాన్సువాళ్లు తోట తోటకూ, వాలు వాలుకూ రుచి మారుతుందని పుస్తకాలు రాసుకున్నారు. ఇక్కడ పుస్తకాలేం లేవు. ‘తూర్పు గట్టు మీద మూడో చెట్టుది’ అని చెప్పగల నాలుకలున్నాయి.

ఆవుకొమ్ము, జీవామృతం

సహజ వైన్ ప్రియులు ఇంకో మాట కూడా చెబుతుంటారు. బయోడైనమిక్ సేద్యం. దీని మూలపురుషుడు ఆస్ట్రియాకు చెందిన రుడాల్ఫ్ స్టీనర్. 1924లో కోబెర్విట్జ్ అనే ఊళ్లో (ఇప్పుడది పోలండ్‌లో ఉంది) రైతులకు ఆయన చేసిన ప్రసంగాలే దానికి పునాది. ఆవుకొమ్ములో పేడ కూరి చలికాలమంతా భూమిలో పాతిపెట్టి, వసంతంలో తీసి, నీళ్లలో గంటసేపు చిలికి పొలంలో చల్లుతారు. విత్తడం, కోయడం, సీసాలో పొయ్యడం... అన్నీ చంద్రుడి గమనం చూసి. ప్రపంచంలోకెల్లా ఖరీదైన వైన్ తయారుచేసే ఫ్రెంచి ఎస్టేట్లలో కొన్ని ఈ పద్ధతే పాటిస్తున్నాయి. తెలుగువాళ్లకు ఇందులో వింతేముంది! పేడ, పంచాంగం మనింట్లోవే. కొమ్ము మహిమను శాస్త్రవేత్తలు చాలామంది ఒప్పుకోరు. రసాయనాలు మానితే నేల బాగుపడుతుందన్న మాటతో మాత్రం ఎవరికీ పేచీ లేదు. మన అరకు కాఫీ ఈ బయోడైనమిక్ దారిలో పండి, 2017లో ఏకంగా పారిస్‌లో దుకాణం తెరిచింది. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి ప్రభుత్వం తోడ్పాటుతో సాగుతున్న ప్రకృతి సేద్యంలో ఆవుకొమ్ము లేదు కానీ పేడ, మూత్రం, బెల్లం, పిండి కలిపిన జీవామృతం ఉంది.

తాటిచెట్టుకు అదీ అక్కర్లేదు. దానికి పురుగుమందు కొట్టినవాడు లేడు, యూరియా వేసినవాడు లేడు. ఏ ముద్రా అడక్కుండానే సేంద్రియం.

ఇక్కడే ఒక చిన్న మెలిక. చెట్టు గట్టు మీద ఉంది. గట్టుకు అటు మిర్చి, ఇటు పత్తి. ఈ రెండు పంటలకూ కొట్టినన్ని మందులు మరి దేనికీ కొట్టరు. స్ప్రేయర్ల తుంపర గాలికి ఎటు పోతుందో, వేళ్లు లోతుల్లోంచి ఏం తాగుతాయో ఎవరు చూశారు? కల్లు స్వచ్ఛమైందని రొమ్ము విరుచుకునే ముందు గట్టుకు రెండువైపులా ఉన్న చేలనూ చూసుకోవాలి. ఫ్రాన్సులో అయితే పక్క పొలం మందు తమ తోటలో పడిందని గొడవలకు దిగుతారు. మన దగ్గర గీత కార్మికుడికి సొంత పొలమే ఉండదు. చెట్టు కూడా చాలాచోట్ల రైతుదే. ఇక గొడవేం పడతాడు?

ఇటు నేరం... అటు ఆదాయం

కల్లు కథ ఈ రెండు ఊళ్లలో మిగతా చోట్లలాంటిది కాదు. కారణం సరిహద్దు. 1953 దాకా ఇది మద్రాసు రాష్ట్రం అంచు. పాలేరు దాటితే హైదరాబాదు రాష్ట్రం. మద్రాసులో రాజాజీ 1937లో సేలంతో మొదలుపెట్టిన మద్యనిషేధం 1948కల్లా రాష్ట్రమంతా అమల్లోకొచ్చింది. అందులో కల్లు కూడా భాగమే. ఏటికి అవతల మాత్రం ఆబ్కారీ రాబడి నైజాం ఖజానాకు పెద్ద ఆసరా. ఒకే జాతి చెట్టు, ఒకే రసం, ఒకే ఎండ. ఇటు గీస్తే జైలు, అటు గీస్తే సర్కారుకు పన్ను!

తాతముత్తాతల నుంచి మోకు తప్ప మరో విద్య తెలియని కుటుంబాల పొయ్యిలో పిల్లి లేవలేదు. వాళ్ల తరఫున గౌతు లచ్చన్న ఉద్యమం నడిపారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక నిషేధం మంచిచెడ్డలు తేల్చమని రామమూర్తి కమిటీ వేశారు. నిషేధం ఎత్తేయమని కమిటీ చెప్పింది. ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఆ మాట వినలేదు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం వచ్చింది. ఒక్క ఓటు! ఆంధ్రకేసరి ప్రభుత్వం కూలిపోయింది. తెలుగువాళ్ల మొట్టమొదటి ప్రభుత్వాన్ని కూల్చిన వాటిలో కల్లుకుండ కూడా ఉందన్నమాట. ఆ తర్వాత కూడా నిషేధం వెంటనే పోలేదు. 1960ల చివరిదాకా సాగింది.

2014లో రాష్ట్రం విడిపోయాక పాలేరు మళ్లీ సరిహద్దయింది. గరికపాడు దగ్గర మళ్లీ చెక్‌పోస్టు. 2019 తర్వాత అయిదేళ్లు ఆంధ్రాలో సీసా ధరలు చుక్కల్లో ఉన్నప్పుడు తెలంగాణ మద్యం బైకుల్లో, కార్లలో, కూరగాయల బుట్టల కింద ఇటు దాటుతూ పట్టుబడటం రోజువారీ వార్త. తాటి ఎందుకెక్కావురా అంటే దూడగడ్డికి అన్నట్టుండేవి అక్కడ చెప్పే సాకులు. 2024 అక్టోబరులో ప్రైవేటు దుకాణాలు తిరిగొచ్చాక ఆ వేడి తగ్గింది. ఆ దుకాణాల్లో పదిశాతం గీత కులాలకు ప్రత్యేకించారు. చెట్టెక్కినవాడి కొడుకు ఇప్పుడు సీసాలమ్మే కౌంటర్లో కూర్చోవచ్చు. తండ్రి కల్లుకు పోటీగా!

కుండలో మత్తుబిళ్ల

ఇక్కడ చెప్పుకోకపోతే కథ అబద్ధమవుతుంది. కల్లు సహజమే కానీ, అది మద్యమే. నాలుగైదు పాళ్లే కదా అని కడవలకొద్దీ తాగి కూలిడబ్బులు తగలేసినవాళ్లూ, ఇంటికెళ్లి పెళ్లాన్ని కొట్టినవాళ్లూ ఈ ఊళ్లలోనూ ఉన్నారు. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన ఆడవాళ్ల ఉద్యమం సారాకు వ్యతిరేకంగానే అయినా, దాని వెనకున్న కన్నీళ్లకు సీసా తేడా, ముంత తేడా లేదు. కల్లు తాగితే కిడ్నీలో రాళ్లు పోతాయనీ, ఒంటికి చలవనీ చెప్పే మాటలు తాగడానికి సాకులే తప్ప వైద్యం కాదు.

అసలు ప్రమాదం ఇంకొకటి. చెట్టు లేని చోట కల్లు. నగరాల్లో కల్లు దుకాణాలకు కావలసినంత కల్లు ఇచ్చే తాళ్లెక్కడివి? కొద్ది కల్లులో బోలెడు నీళ్లు, శాకరిన్, నురగకు ఓ పొడి, మత్తుకు క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్, ఆల్ప్రజోలం లాంటి మందులు. ఏళ్లతరబడి ఆ కల్లు తాగినవాళ్లకు ఒక్కరోజు దొరక్కపోతే ఒళ్లంతా వణుకు, మతిభ్రమణం. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో అలాంటి కల్తీకల్లు తాగి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఎంతోమంది కిడ్నీలు దెబ్బతిని ఆసుపత్రుల పాలయ్యారు.

ఫ్రాన్సులో సహజ వైన్ ఉద్యమం పుట్టిందే ఇలాంటి విసుగులోంచి. కర్మాగారాల వైన్‌లో రకరకాల పదార్థాలు కలుపుతుంటే, ‘ఏమీ కలపం, ఏమీ తియ్యం’ అని కొందరు రైతులు ఎదురు తిరిగారు. వాళ్ల సీసాకు ముద్ర ఉంది, తయారుచేసినవాడి పేరుంది, ఊరుంది. మన కల్లుకు? తాగేవాడి కళ్లముందు చెట్టు దిగితే అదే ముద్ర. ఆ దృశ్యం లేకపోతే మంచికల్లుకూ మందుకల్లుకూ రంగులో తేడా లేదు. ఒక కల్తీ వార్త వచ్చిన మర్నాడు ఎక్కడో అరవై అడుగుల ఎత్తు నుంచి నిజాయితీగా దించినవాడి కుండ కూడా అమ్ముడుపోకుండా పుల్లబడిపోతుంది. దాచుకునే సరుకు కాదాయె!

మోకు పట్టేదెవరు?

తమిళనాడులో తాటి రాష్ట్ర వృక్షం. కానీ 1987 నుంచి అక్కడ కల్లు నిషేధం. సర్కారు దుకాణాల్లో బ్రాందీ మాత్రం దొరుకుతుంది. ఆ లెక్కన మన దగ్గర నయమే. ఆంధ్రప్రదేశ్ 2022లో ప్రకటించిన అయిదేళ్ల కల్లు విధానంలో చెట్ల అద్దె రద్దు చేశారు. చెట్టు మీంచి పడి చనిపోయిన కార్మికుడి కుటుంబానికి పరిహారం అయిదు లక్షల నుంచి పది లక్షలకు పెంచారు. పరిహారం మాటకు అంత చోటు దక్కిందంటేనే ఈ వృత్తి ఎలాంటిదో అర్థమవుతుంది. పడితే పోవడం, లేకపోతే నడుం విరిగి మంచాన పడటం. వానకు తడిసిన మాను జారుతుంది. మట్టల్లో తేనెటీగలుంటాయి, ఒక్కోసారి పాములుంటాయి. మోకు అరిగిన సంగతి తెగిన తర్వాతే తెలుస్తుంది.

తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో కార్మికులకు కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. గీతకారులు కొలిచే దేవుడు కాటమయ్య. కొండలెక్కేవాళ్లు వాడే తరహా పట్టీలు, తాళ్లు అందులో ఉంటాయి. కాలు జారినా మనిషి కిందపడకుండా చెట్టుకే వేలాడతాడు. పాలేరుకు అవతల అది వాడుతుంటే ఇవతల ఊళ్లవాళ్లు ఆసక్తిగా చూడటం సహజమే.

అయితే కవచం ఇచ్చినా తొడుక్కునే కుర్రాడేడి? ఇంజినీరింగు చదివినవాడు విజయవాడకో హైదరాబాదుకో వెళ్తాడు. చదవనివాడికి సిమెంటు లారీ ఉంది, రహదారి మీద హోటలుంది. తండ్రులు కూడా ‘నువ్వు మాత్రం చెట్టెక్కొద్దురా’ అనే పెంచారు. ఆ మాట అనడానికి వాళ్లకు హక్కుంది. తాటాకు దొప్పలో పోసిన కల్లును తాగి పొగిడేవాళ్లు ఎవరూ తమ పిల్లల్ని ఆ పనికి పంపరుగా!

చెట్లు కూడా తగ్గుతున్నాయి. రోడ్డు వెడల్పు చేస్తే ముందు పోయేవి తాళ్లు. గట్టు చదును చేసి రెండు చేలు కలిపితే తాడి అడ్డం. ప్లాట్లు వేస్తే అసలే అడ్డం. ఇటుకబట్టీకి మొద్దులు పనికొస్తాయి. పాతికేళ్లు పెరిగిన చెట్టును కూల్చడానికి పొక్లెయిన్‌కు పది నిమిషాలు పట్టదు.

మిగిలిన చెట్టుకూ ఒక చిక్కుంది. గెలను కల్లుకు గీస్తే ముంజలు రావు. ముంజలకు వదిలితే కల్లు లేదు. రహదారి మీద కార్లు ఆగి ముంజలు కొంటున్నప్పుడు, ఏడాదికోసారి గెలలు దించితే సరిపోతుంటే, రోజుకు రెండుసార్లు ప్రాణాలకు తెగించి ఎక్కడమెందుకు? చాలామంది రైతులు, గీతకారులు ఇప్పుడు ఈ లెక్కే వేస్తున్నారు. తప్పుపట్టలేం. ముంజల తర్వాత తాటిపండు, దాని టెంక పాతితే చలికాలంలో తేగలు, తేగ తీసేటప్పుడు టెంకలో బుర్రగుంజు. ఇవన్నీ నేల మీది ఆదాయాలు. మోకు అక్కర్లేనివి.

మూడోదారి నీరా. సున్నం బదులు చల్లదనంతో రసాన్ని పులియకుండా దించి, శుద్ధిచేసి సీసాలో పోస్తే పిల్లలూ తాగొచ్చు. తూర్పు కనుమల అంచున పందిరిమామిడిలో ఉన్న ఉద్యాన పరిశోధన స్థానం తాటి మీద, నీరా మీద, తాటిబెల్లం మీద ఏళ్లుగా పనిచేస్తోంది. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున నీరా కేఫ్ కూడా వచ్చింది. పంచదార తినకూడదనుకునేవాళ్లు తాటిబెల్లం కోసం ఎంతైనా ఇస్తున్నారు. అయితే నీరాకైనా, బెల్లానికైనా ఎవరో ఒకరు చెట్టెక్కాల్సిందే. చుట్టూ తిరిగి మళ్లీ మోకు దగ్గరికే!

చూడాలనుకుంటే...

విజయవాడ నుంచి నందిగామ యాభై కిలోమీటర్లు. అక్కణ్నుంచి చిల్లకల్లు మీదుగా జగ్గయ్యపేట మరో పాతిక, ముప్ఫై. కుటుంబంతో వెళ్లేవాళ్లకు కృష్ణ ఒడ్డున వేదాద్రి నరసింహస్వామి, మున్నేటి గట్టున పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి ఎలాగూ ఉన్నారు. ధనంబోడు దిబ్బ దగ్గర శిల్పాలేవీ మిగల్లేదు కానీ కొండవాలు చూడ్డానికి బాగుంటుంది. గీత చూడాలంటే మాత్రం డిసెంబరు, మే నెలల మధ్య రావాలి. దర్శనానికి ముందే, తెల్లవారి ఆరింటికల్లా పొలాల్లో దిగాలి. నెత్తికి గుడ్డ, చేతిలో నీళ్లసీసా తప్పనిసరి. చెట్టు మీద మనిషి ఉన్నప్పుడు కింద నిలబడి పిలవకూడదు, కబుర్లు పెట్టకూడదు. అతను దిగాకే మాట్లాడాలి. రుచి చూడాలనిపించే పెద్దలు అతన్ని అడిగి, కళ్లముందు దించిన కుండలోది ఓ గుక్కతో సరిపెట్టుకుని, బండి తాళాలు ఇంకొకరికిస్తే మంచిది. పిల్లలకు ముంజలున్నాయి.

తొమ్మిది దాటితే రావడం దండగ. అప్పటికి కుండ ఖాళీ అయివుంటుంది, లేదా పుల్లబడి ఉంటుంది. గీతకారుడు కాళ్లకు నూనె రాసుకుని, సాయంత్రం ఎక్కుడుకు కత్తి నూరుకుంటూ అరుగు మీద కూర్చుని ఉంటాడు.